అరిగిన ఛర్రాలు

యేర్లగావ్, బిలోలి తాలూకా
19 నవంబరు 1972

బామ్మర్ది అంబాదాస్‌కు బాబురావు బావ రాసేది.

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. ఈ యేడు అంతకన్న మంచి మాట రాయడానికి లేదు. మీ అక్క కాశీబాయి మీద అలిగి మూడు నెలలుగా ఉత్తరం మానేశావా, లేక నాందేడ్‌లో సిరా కూడా రేషన్ దుకాణంలోనే ఇస్తున్నారా? రాసినా నీ ఉత్తరం టెలిగ్రాంలా ఉంటుంది. తుపాకులు బాగుచేసే చేతికి కలం బరువు కావచ్చు.

వానలు రెండో యేడూ పోయాయి. పెద్దచెరువు ఎండి ఎండి తూర్పు మూలకు చేరింది. షికారు సాహెబులు దాక్కుని కూచునే మాట్లు ఉన్నాయి కదా, మిగిలిన నీళ్లన్నీ ఆ మాట్ల ముందరే. మోకాలి లోతు. ఊరంతా ఆ నీటి అంచున చెలిమలు తవ్వుకుని తాగుతోంది. ఎవరు ఏ చెలిమలో తోడుకోవాలో చూడడం నీరటికాడిగా నా పని. తూము తిప్పడానికి నీళ్లు లేవు గాని తగాదాలకు మాత్రం నేను కావాలి.

చలికాలం బాతులు మాత్రం కరువని ఆగలేదు. చుట్టుపక్కల వేరే నీళ్లు లేక సూదితోక బాతులు, నామాలకోళ్లు అన్నీ ఈ మూలలోనే దిగాయి. నీళ్లు కనపడడం లేదు, వీపులే కనపడుతున్నాయి. అయితే కొన్ని లేవడం లేదు. రెక్కలు గుడిసె కప్పులా రెండు పక్కలకూ జారేసి నడుస్తున్నాయి. చేపలు పట్టే సంగన్న నిన్న ఒకదాన్ని ఉత్త చేత్తో పట్టుకొచ్చి, "బాబురావు, గీ పిట్టలకు కల్లు ఎవలు పోసిన్రే," అని అందరినీ నవ్వించాడు. చేతిలోకి తీసుకుంటే బరువు లేదు. రొమ్ము ఎముక కత్తిలా తగిలింది.

మీ అక్క ప్రతి యేడూ లాగే బాతులు కోసేటప్పుడు దొరికిన తుపాకీ ఛర్రాలు, ఆ సీసపు గుండ్లు, తినేటప్పుడు పళ్ల కింద పడ్డవి నశ్యం డబ్బీలో పోగేసింది. బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. కరిగించుకో. వచ్చే నెల షికారుకు వకీలు సాహెబు జీపు వస్తుందట. ఆయన తుపాకీ కార్తూసులు నువ్వే నింపుతావు కదా, కొంచెం మందు తగ్గించు. మా బర్రె బెదిరి పాలు ఎగ్గొడుతోంది.

బాబురావు


నాందేడ్, వజీరాబాద్
28 నవంబరు 1972

బావకు, అక్కకు అంబాదాస్ నమస్కారాలు.

ఉత్తరం, డబ్బీ అందాయి. అక్క మీద అలక లేదు. రాయడానికి ఏమీ లేక రాయలేదు.

డబ్బీలో నూట పన్నెండు ఛర్రాలు ఉన్నాయి. నేను సీసం కరిగించి చిల్లుల గరిటెతో నీళ్లలోకి జార్చి, నాలుగు జల్లెళ్లతో నాలుగు సైజులు తీస్తాను. పక్షి ఎముకకు తగిలిన ఛర్రా సొట్టపడుతుంది గాని తూకం తగ్గదు. తొంభై ఒకటి అట్లాంటివే. మిగిలిన ఇరవై ఒకటి వేరు. మసూరు పప్పులా పలచబడి, నున్నగా మెరుస్తున్నాయి. నా చిన్న జల్లెడలోంచి కూడా జారిపోతున్నాయి. ఇంత చిన్నవి నేను ఎన్నడూ చేయలేదు.

ఇవి పక్షిలో ఎక్కడ దొరికాయో అక్కను అడిగి రాయగలవు. ఆ ఇరవై ఒకటీ కరిగించలేదు. విడిగా పెట్టాను.

అంబాదాస్


యేర్లగావ్
11 డిసెంబరు 1972

అంబాదాస్‌కు,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. "తమ్ముడు నన్ను ఎట్లున్నవని అడుగలే, ఛర్రాలను అడిగిండు," అంది. తర్వాత జవాబు చెప్పింది. ఆ నున్నటివి కందనకాయల్లో దొరికాయట. చీల్చి కడిగేటప్పుడు ఇసుకతోపాటు రాలతాయట. ఇందులో వింత ఏముంది? తుపాకీతో కొట్టిన పిట్టలో ఛర్రా కాక ముత్యం దొరుకుతుందా?

నిన్న ఆదివారం వకీలు సాహెబు, ఆయన దోస్తులు ఐదుగురు వచ్చారు. పొద్దు పొడిచేసరికి మాట్లలో కూచున్నారు. నేను చాలా షికారులు చూశాను గాని ఇట్లాంటిది చూడలేదు. మొదటి దెబ్బలకే మూలనంతా ఈకలు కమ్మేశాయి. రెక్క విరిగినవి ఒక్క రెక్కతో నీటిని కొడుతూ ఉన్నచోటే గిరగిర తిరిగాయి. లేచినవి ఎటుపోవాలో తెలియక, పోవడానికి వేరే చెరువు లేక, మళ్లీ తుపాకుల ముందరికే వచ్చి దిగాయి. దిగినవాటిని దిగినట్టే కొట్టారు. తుపాకీ గొట్టాలు కాలుతుంటే తడిగుడ్డలు చుట్టుకున్నారు.

ఆ జబ్బువి లేవవు కదా. కూచున్న పిట్టను కొడితే మజా లేదని సాహెబుకు కోపం వచ్చి, వాటిని కట్టెలతో కొట్టి పక్కకు పారేయమన్నాడు. మేము ఏడుగురం నీళ్లలోకి దిగి కొట్టాం. అవి పారిపోవు. తల తిప్పి చూస్తాయి, అంతే. మధ్యాహ్నానికి నా భుజం ఎత్తలేకపోయాను. కొన్ని చావలేదు. వాటి కళ్లు కాకులు పొడుచుకు తిన్నాయి, మేము చూస్తుండగానే.

ఇవాళ చచ్చినవన్నీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, సరిగ్గా చెలిమల పక్కకు. ఆడవాళ్లు చీర కొంగు మడిచి నీళ్లు వడగడుతున్నారు. నీళ్లల్లో ఎవరో మందు కలిపారన్న మాట పుట్టింది. రెండేళ్ల కింద సంగన్న వాగు మడుగులో ఎండ్రిన్ పురుగుమందు పోసి చేపలు పట్టి, పంచాయతీ ముందు ముక్కు నేలకు రాశాడు కదా. ఇప్పుడు అందరికీ అదే గుర్తొస్తోంది. వాడి తల్లి మైసవ్వను ఇవాళే చెలిమ దగ్గర ఎవరో తోసేశారు.

బాబురావు


నాందేడ్
17 డిసెంబరు 1972

బావకు,

ఎగరలేని పక్షిని వండవద్దని అక్కకు చెప్పు. కారణం తర్వాత రాస్తాను.

నీళ్లలో విషం ఉంటే ముందు చేపలు, కప్పలు చావాలి. చస్తున్నాయా? నీరటికాడివి, నువ్వే చూడాలి. చావకపోతే ఆ మాట ఊరికి చెప్పాలి.

గోదావరి ఒడ్డున రెండు సాదు బాతులు కొన్నాను. పెరట్లో ఉన్నాయి. పదిహేనో తారీఖు నుంచి వాటి సంగతి రోజూ రాసుకుంటున్నాను.

అంబాదాస్


యేర్లగావ్
8 జనవరి 1973

అంబాదాస్‌కు,

ఇక్కడ మేము చచ్చిన బాతులు ఎత్తిపోస్తుంటే నువ్వు అక్కడ బతికినవి కొని సాకుతున్నావు. సరే. చేపల సంగతి అడిగావు. ఉన్న గుక్కెడు నీళ్లలో చేపలెక్కడివి?

చెప్పవలసినది వేరే ఉంది. మొన్న శనివారం పొద్దున ఒక లేగదూడ చెలిమ పక్కన పడి చచ్చింది. పదిరోజులుగా దానికి మేత లేదు, తోలు కింద ఎముకలే ఉన్నాయి. అయినా నీళ్లు తాగి చచ్చిందనే అన్నారు. ఘడియలో ఊరంతా పోగైంది. సంగన్న తెల్లారకముందే చెరువు మూలలో తిరిగాడని, చేతిలో ఏదో ఉందని మాట వచ్చింది. ఇంట్లోంచి లాక్కొచ్చారట. వాడు నవ్వుతూనే వచ్చాడట, ఆటకు పిలిచారనుకుని. నీటి అంచున నిలబెట్టి అడిగారట. ఎడమ కాలి చెప్పు బురదలో ఇరుక్కుంటే దాని కోసం వంగాడట. అప్పుడు మొదటి దెబ్బ నడుము మీద పడింది. తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేం. బండి నొగలు, గడ్డపారలు, ఆడవాళ్లు కడవలతో. మోకాళ్లు రెండూ నలిగాయి. వాడి మొహం నీళ్లలోకి తొక్కి, "తాగు, నువ్వు కలిపిందే తాగు," అన్నారట.

నేను ఆ రోజు పని మీద బిలోలికి పోయాను. సాయంత్రం బస్సుకు వచ్చేసరికి అంతా అయిపోయింది.

పోలీస్ పాటిల్ దిగంబర్ బిలోలికి కబురు చేసి, సంగన్న మీద నీళ్లలో విషం కలిపిన కేసు రాయించాడు. కొట్టినవాళ్లు ఎవరో ఎవరూ చెప్పలేదు. వాడిని బండి మీద వేసి నాందేడ్ సర్కారు దవాఖానాకు తెచ్చారు. నీకు దగ్గరే కదా. ఒకసారి పోయి చూడు. ఏం మాట్లాడుతున్నాడో, ఎవరి పేర్లు చెప్తున్నాడో నాకు వెంటనే రాయి. మరిచిపోకు.

బాబురావు


నాందేడ్
12 జనవరి 1973

బావకు,

దవాఖానాకు రెండుసార్లు పోయాను. మంచం పక్కన పోలీసు ఉన్నాడు. నేను ఊరివాళ్ల చుట్టాన్నని చెబితే కూచోనిచ్చాడు. సంగన్న మోకాళ్ల కింద ఆకారం లేదు. ఒక కన్ను మూసుకుపోయింది. దగ్గితే నురగతో రక్తం వస్తోంది. నన్ను గుర్తుపట్టాడు.

అతడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "పడిపోయిన పిట్టలు ఏరుకొద్దామని పొద్దుగాల పోయిన. బాబురావు ఆడ్నే ఉండె. గంపల జొన్నలు పట్టుకొని నీళ్లల్ల చల్లుతుండె. నన్ను చూసిండు. నేనేమన్లే. ఊళ్లె పోరగాండ్లు ఆకలికి ఏడుస్తుంటె గిట్ల చల్లుతున్నవేందని కూడ అన్లే. గా మాట అన్నా బాగుండు."

బావా, నువ్వు ఆ రోజు బిలోలిలో ఉన్నానన్నావు. ఏ కాలి చెప్పు ఇరుక్కుందో కూడా రాశావు.

నేను దాచింది కూడా రాస్తున్నాను.

బాతుకు పళ్లు లేవు. చిన్నచిన్న రాళ్లు ఏరి మింగి, వాటితో కందనకాయలో గింజలు నూరుకుంటుంది. ఛర్రాను కూడా రాయి అనుకుని మింగుతుంది. గింజలతోపాటు సీసం కూడా అరుగుతుంది, అరిగింది ఒంట్లో కలుస్తుంది. డబ్బీలోని ఆ ఇరవై ఒకటీ తుపాకీతో లోపలికి పోయినవి కావు, నోటితో పోయినవి. నవంబరులోనే అనుమానం వచ్చింది. అక్క కందనకాయ అని చెప్పగానే ఇంకా గట్టిపడింది. నేను బడికి పోయి చదివినవాణ్ణి కాదు. తప్పు చెబితే నవ్వుతారని, నిజమని తేలేదాకా నోరు తెరవకూడదని అనుకున్నాను. నా పుస్తకంలోంచి ఎత్తి రాస్తున్నాను.

15 డిసెంబరు. తలమీద మచ్చ ఉన్న బాతుకు పిండిముద్దలో ఆరు ఛర్రాలు పెట్టి మింగించాను. రెండోదానికి ఉత్త ముద్ద.
20. మచ్చబాతు రెట్ట ఆకుపచ్చగా ఉంది.
24. మెట్టు ఎక్కలేకపోయింది.
28. రెక్కలు కిందికి జారాయి. జొన్నలు ముందర పోస్తే చూసి ఊరుకుంది.
2 జనవరి. మెడ నిలపలేదు. చూరు కింద పడుకోబెట్టాను.
4. పొద్దున చచ్చింది. కోశాను. గాయం ఎక్కడా లేదు. కందనకాయ లోపలి పొర పచ్చబడి పగిలింది. ఆరు ఛర్రాలూ ఉన్నాయి. అన్నీ అరిగాయి.

రెండో బాతు బాగుంది.

నాలుగో తారీఖు గురువారం. ఆ రోజే నీకు రాయాలి. శుక్రవారం వకీలు సాహెబు మనిషి వచ్చి నూట ఇరవై కార్తూసులు నింపమన్నాడు. కూచుని నింపాను. రాస్తే ఇక నింపడం ఉండదని తెలుసు. రాయలేదు. శనివారం మీరు అతణ్ణి కొట్టారు.

పుస్తకం తిరగేశాను. ఇరవై మూడేళ్లలో మీ చెరువు మీద పేల్చడానికి నా దుకాణం నుంచి పోయినవి పదహారు వేల కార్తూసులకు పైనే. సీసం సుమారు ఐదు క్వింటాళ్లు. అంతా మాట్ల ముందరే పడింది. నిండు చెరువులో లోతున ఉండేది, ఇప్పుడు బాతుల ముక్కుకు అందుతోంది. ఏ బురదలో సీసం ఉందో ఆ బురదలోనే నువ్వు జొన్నలు చల్లావు.

నీళ్లలో ఎవరూ ఏమీ కలపలేదు. ఈ మాట ఊరికి చెప్పు. కేసు వెనక్కి తీసుకోమను. బతికుండగా చెప్పు.

అంబాదాస్


నాందేడ్
16 జనవరి 1973
(పోస్టుకార్డు)

బావకు,

సంగన్న నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు పోయాడు. అతని తల్లికి ఎవరూ కబురు చేయలేదని తెలిసింది. నువ్వు చెప్పు.

అంబాదాస్


యేర్లగావ్
22 జనవరి 1973

అంబాదాస్‌కు,

నీ పెద్ద ఉత్తరం చదివి చింపేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మళ్లీ చదివాను.

ఒక బాతును చంపి పండితుడివయ్యావు. నీ సీసం కథ బయట పెడితే నీ దుకాణం ఏమవుతుందో ఆలోచించావా? వకీలు సాహెబు ఒక్క మాట అంటే నీ లైసెన్సు ఉండదు. తర్వాత ఏం చేస్తావు, గొడుగులు బాగుచేస్తావా? నీ అక్క మెడలో తాళి కట్టింది నేను. ఆ సంగతి ఏ తారీఖు కింద రాసుకున్నావు?

ఇంతవరకు రాసి పక్కన పెట్టాను. ఇవి రెండు రోజుల కిందటి మాటలు.

అవును, చల్లాను. నేను పదిహేనేళ్లుగా చల్లుతున్నాను. షికారుకు నాలుగు రోజుల ముందు నుంచి మాట్ల ముందర గింజలు పడితే పిట్టలు అక్కడికి అలవాటు పడతాయి. సాహెబు ఈసారి తొమ్మిది బస్తాల జొన్నలు పంపాడు. రేషన్‌లో వచ్చే ఎర్రజొన్న కోసం ఆడవాళ్లు పొద్దంతా నిలబడుతుంటే, నేను మంచి జొన్నలు గంపకెత్తి నీళ్లలో పోశాను. బస్తాకు రెండు కుంచాలు ఇంట్లో ఉంచుకున్నాను. మీ అక్క తిన్నది అవే. ఎక్కడివని అడగలేదు.

సంగన్న నన్ను చూశాడు. వాడు ఎప్పుడు నోరు జారుతాడోనని మూడు రోజులు అన్నం పోలేదు. దూడ చచ్చిన పొద్దున ఎవరో, చెరువు మూలకు ఎవరు పోయారు నీరటీ, అని అడిగారు. అందరూ నా వైపు చూశారు. నేను సంగన్న పేరు చెప్పాను. చేతిలో డబ్బా చూశానన్నాను. వాడు చెప్పు కోసం వంగినప్పుడు, తూము తిప్పే ఇనుప కడ్డీ నా చేతిలోనే ఉంది. మొదటి దెబ్బ నాది. ఇప్పుడు వాడు మాట్లాడతాడేమోనని కొట్టాను. వాడు నా వైపు తిరిగి, "నేన్ చెప్పలేదే," అన్నాడు. అది ఒక్క నాకే వినపడింది.

వాడు పోయినా పిట్టలు చావడం ఆగలేదు. ఆగకపోయేసరికి, మందు ఇంకా మైసవ్వ దగ్గర దాచి ఉందన్నారు. నిన్న ఆమె గుడిసె కాల్చారు. ఆమె గట్టు మీది మాటులో కూచుంది. ఆమెకు చెలిమ బంద్ చేయమని నాకు చెప్పారు. చేశాను. కొడుకు పోయిన సంగతి చెప్పమన్నావు. చెప్పడానికి దగ్గరకు పోతే ఆమె నన్ను చూసి, "బాబురావు, నువ్వొక్కనివన్న అచ్చినవ్," అంది. చెప్పలేక వచ్చేశాను. తర్వాత మీ అక్క పోయి చెప్పింది. నీళ్లకు పోయే దారిలో ఆమె ముందర ఒక చెంబు దించి వస్తోంది. నేను చూడనట్టు ఉంటున్నాను.

నువ్వు రావద్దు. వస్తే నన్ను చేతులారా వాళ్లకు అప్పగించినట్టే.

బాబురావు


నాందేడ్
27 జనవరి 1973

బావకు,

ఒకటో తారీఖు గురువారం మొదటి బస్సుకు వస్తున్నాను. నేరుగా చెలిమల దగ్గరికి పోతాను. ఆ పొద్దున చచ్చి ఒడ్డుకు వచ్చిన పక్షులనే అందరి ముందూ కోస్తాను. కందనకాయలో దొరికిన ఛర్రాలు నావని చెప్తాను.

నీ పేరు ఊరి ముందర నేను చెప్పను. అది నువ్వు చెప్పవలసింది. పోలీసు అడిగితే మాత్రం అబద్ధం ఆడను. అక్క తాళి సంగతి రాశావు. మూడు రాత్రులు అదే ఆలోచించాను. మైసవ్వను చంపి తాళి నిలపలేను.

ఆమెకు నీళ్లు ఈ ఉత్తరం చేరిన రోజే ఇవ్వు. గురువారం దాకా ఆగకు. నేను ఒకసారి ఆగాను.

అంబాదాస్


బిలోలి, పోలీసు ఠాణా
9 ఫిబ్రవరి 1973

అంబాదాస్‌కు,

కుడిచేయి విరిగింది. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

ఆ రోజు నువ్వు తల వంచుకుని పిట్టలనే చూశావు. జనాన్ని చూడలేదు. నేను వెనక నిలబడి చూశాను. ఆ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

నువ్వు మొదటి బాతును వెల్లకిలా పడుకోబెట్టి, ఈకలు పీకి, గాయం ఉంటే చూపించమని అడిగినప్పుడు నవ్వారు. కందనకాయ కోసి ఇత్తడి పళ్లెంలో కుదిపితే ఛర్రాలు టకటక రాలాయి. అప్పుడూ నవ్వారు. నాలుగో బాతుకు నవ్వు ఆగింది. ఏడోదానికి ముందరివాళ్లు కూచున్నారు. పదకొండు కోశావు, తొమ్మిదింట్లో దొరికాయి. "ఇవి చేసింది నేను. నీళ్లల్ల ఎవలూ మందు కలుపలే," అన్నావు. పోలీస్ పాటిల్ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సంగన్న మొహం నీళ్లలోకి తొక్కినవాడు అక్కడే కూచుని తన పాదం వైపు చూసుకున్నాడు.

అప్పుడు మైసవ్వ లేచి, చెరువంత ఉండగా పిట్టలు గా మూలకే తిండికి ఎందుకు పోతున్నయని అడిగింది. నువ్వు చేతిలోని పిట్టనే చూస్తూ ఉన్నావు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను పారిపోయేవాణ్ణేమో. జొన్నలు చల్లింది నేనని, డబ్బా చూశానన్నది అబద్ధమని, మొదటి దెబ్బ నాదని చెప్పాను. మొత్తం చెప్పాను.

మైసవ్వే అడిగింది, "ఎన్ని బస్తాలు?"

తొమ్మిది అన్నాను.

ఆమె నీళ్లలోకి దిగి, మాట్ల ముందరి బురద రెండు చేతులా తోడుకొచ్చి నా నోట్లో కుక్కింది. "తిను. ఊరికి లేని తిండి ఈడ్నే ఉన్నది, తిను," అంది. ఇసుక, మొలకెత్తి కుళ్లిన జొన్నలు, ఛర్రాలు పళ్ల కింద కరకరలాడాయి. ఊపిరాడక ముందుకు పడ్డాను. అప్పటికి నిన్ను పాటిల్ చేయి పట్టి బయటికి లాక్కుపోయాడు. తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. నా చేయిని రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టారు. గింజలు చల్లిన చెయ్యి ఏదని అడిగి మరీ కొట్టారు. సంగన్నను కొట్టినవాళ్లే. ఈసారి ఇంకా గట్టిగా కొట్టారు. ఎందుకో నాకు తెలుసు. మీ అక్క నా మీద పడుకోకపోతే నేనూ లేను.

మైసవ్వకు ఇప్పుడు చెలిమ ఇచ్చారు. పాటిల్ కొట్టంలో ఉంటోందట.

ఒక్కటి అడగాలి. ఆ బురదలో ఒకటో రెండో మింగినట్టున్నాను. నీ బాతుకు ఇరవై రోజులు పట్టింది. మనిషికి ఎన్ని?

బాబురావు


నాందేడ్
18 ఫిబ్రవరి 1973

బావకు,

మనిషికి కందనకాయ లేదు. మింగినా నిలవదు, బయటికి పోతుంది. ఒకటి రెండింటికి భయపడనక్కరలేదు. దవాఖానాలో కాంపౌండరును కూడా అడిగి రాస్తున్నాను.

అక్క నా దగ్గర ఉంది. వీపు మీద దెబ్బలు మానుతున్నాయి. బుధవారం నిన్ను చూడడానికి వస్తుంది. నాతో మాట్లాడడం లేదు. వండి పెడుతోంది, నేను తినేటప్పుడు అవతలికి పోతోంది.

పదో తారీఖున వకీలు సాహెబు మనిషి వచ్చాడు. నింపను అన్నాను. పక్క గల్లీలో నింపించుకుని సాయంత్రానికి నా దుకాణం ముందు నుంచే పోయాడు. మీ చెరువు వద్దనుకుని నాయ్‌గావ్ వైపు ఏదో చెరువుకు పోతున్నారట.

పదిహేనో తారీఖున బిలోలి ఠాణాలో నేను చెప్పింది బయాన్‌గా రాసుకున్నారు. నువ్వు వెనక గదిలో ఉన్నావని తెలుసు. నిన్ను చూడడానికి వాళ్లు ఒప్పుకోలేదు. జమాదారు అడిగినవన్నీ చెప్పాను. జొన్నలు ఎవరు చల్లారని అడిగితే నీ పేరు చెప్పాను. రాసుకున్నాడు. అబద్ధం ఎవరు ఆడారని అడిగితే నీ పేరు చెప్పాను. రాసుకున్నాడు. మొదటి దెబ్బ సంగతి అడిగితే నువ్వు నాకు రాసిన ఉత్తరం చూపించాను. అది ఫైలులో పెట్టాడు. నువ్వు జనవరి ఇరవై రెండున రాసింది. నీ చేతిరాత గుర్తుపట్టి సంతకం చేశాను.

తర్వాత, సీసం నాదని రాయమన్నాను. ఇరవై మూడేళ్ల పుస్తకాలు సంచిలో తెచ్చానని, తారీఖులతో సహా ఉన్నాయని చెప్పాను. నాలుగో తారీఖున నాకు సంగతి తెలుసని, తెలిసి ఊరుకున్నానని, ఆరో తారీఖున సంగన్నను కొట్టారని చెప్పాను. జమాదారు కలం కింద పెట్టి చాయ్ తెప్పించాడు. "లైసెన్సు ఉన్నదా?" అన్నాడు. ఉందన్నాను. "మరింకేంది? దీనికి దఫా లేదు," అన్నాడు.

చట్టంలో దఫా లేకపోయినా రాయమన్నాను. మూడుసార్లు అడిగాను. నాకు కూడా ఒక చాయ్ ఇప్పించి, బస్సు వేళైంది పొమ్మన్నాడు.

నీ కేసుకు మార్చి పన్నెండో తారీఖు ఇచ్చారు. నాకు ఏ తారీఖూ ఇవ్వలేదు.

అంబాదాస్